నోటితో బాగా వాదించే పిల్లలు కాగితం మీద తేలిపోతున్నారు, ఏం చేయాలి?

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఎదుటివాళ్లను ఒప్పించేలా వ్యాసం రాయడం నేర్పిస్తున్నాను. నోటితో వాదించమంటే క్లాసు దద్దరిల్లిపోతుంది. కాగితం ఇస్తేనే చిక్కు.

మొన్న "హోంవర్క్ ఉండాలా, వద్దా" అని ఇచ్చాను. ఒకమ్మాయి ఇలా రాసింది: "హోంవర్క్ వద్దు. ఎందుకంటే అది మంచిది కాదు. కాబట్టి వద్దు." మూడు వాక్యాలు, ఒకటే మాట! పక్కన "ఎలా తెలుసు?" అని రాసి ఇచ్చాను. కింద "అందరికీ తెలుసు కదా సార్" అని రాసి తెచ్చింది. నవ్వొచ్చింది కానీ, లోపం నేను చెప్పడంలోనే ఉందేమో అనిపించింది.

అరిస్టాటిల్ చెప్పిన మూడు దారులూ (చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు, తర్కం) చెప్పి చూశాను. పేర్లు బట్టీ పట్టారు, వ్యాసం మాత్రం మారలేదు. టూల్మిన్ అనే బ్రిటిష్ తత్వవేత్త పద్ధతిలో వాదన, ఆధారం, ఆ రెంటినీ కలిపే కారణం అని విడగొడితే కాస్త నయం. కాకపోతే ఆ కలిపే వాక్యం దగ్గరే ఆగిపోతున్నారు.

ఇక అవతలి పక్షం వాదన కూడా రాయమంటే "కొందరు తెలివితక్కువవాళ్లు అంటారు" అని మొదలుపెడతారు! ముందు రోజు వాళ్లచేతే అవతలి పక్షాన వాదింపజేస్తే ఫలితం ఉంటుందా? ఎవరైనా చేసి చూశారా? 45 నిమిషాల పీరియడ్‌లో అయ్యేదైతే ఇంకా మేలు.