పది రోజుల విపశ్యన తర్వాత ఇంట్లో సాధన ఎలా సాగుతోంది?

కృష్ణాతీరం (విజయవాడ):
నమస్కారం అండి. ఈ వేసవిలో ఏలూరు దగ్గర విజయరాయిలోని ధమ్మ విజయ కేంద్రంలో పది రోజుల విపశ్యన (ఒంట్లో కలిగే అనుభూతుల్ని గమనించే బౌద్ధ ధ్యానం) కోర్సు చేశాను. తెల్లవారుజామున నాలుగింటికి గంట, ఆర్యమౌనం (తోటివాళ్లతో మాట, సైగ కూడా లేకుండా ఉండటం), ఫోన్ లేకపోవడం, అన్నీ బాగున్నాయి. ఇంటికొచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమన్నారు కదా. పొద్దున కుదురుతోంది. సాయంత్రమే కష్టం. రెండు గదుల ఇల్లు, పిల్లల హోంవర్క్, హాల్లో అత్తయ్యగారి సీరియల్. ఉద్యోగం, సంసారం చూసుకుంటూ ఏళ్ల తరబడి కొనసాగిస్తున్నవాళ్లు ఎలా సర్దుకుంటున్నారు? ఇంకొకటి. కోర్సులో పూజ, జపం పక్కన పెట్టమన్నారు. ఇంట్లో కూడా దీపం పెట్టుకుని లలిత చదువుకోకూడదా?

తుంగభద్ర (కర్నూలు):
దీపం మానక్కర్లేదమ్మా. ఆ నియమం కోర్సు జరిగే పది రోజులకే. వేరే పద్ధతులు కలిస్తే ఈ సాధన ఏం చేస్తుందో మనకే తేలదు కాబట్టి అలా పెట్టారు. ఇంట్లో మీ పూజ మీది. ఒక్కటే చూసుకోండి, కూర్చున్న గంటలో మాత్రం మంత్రాన్నీ రూపాన్నీ కలపవద్దు.

ఇక సాయంత్రం సంగతి. బ్యాంకు నుంచి ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, భోజనానికి ముందే కూర్చుంటాను. తిన్నాక కూర్చుంటే నిద్ర తన్నుకొస్తుంది. మనసు మరీ చెదిరి ఉంటే ఒంట్లోని అనుభూతుల్ని చూడటం మొదలుపెట్టను. ముక్కుపుటాల కింద, పై పెదవి పైన శ్వాస తగిలే ఆ కాస్త చోటునే పట్టుకుని ఆనాపానలో, అంటే శ్వాసను గమనించడంలోనే ఉంటాను. కుదురుకున్నాకే తల నుంచి కాళ్ల దాకా ఒంటిని గమనిస్తాను. ఒక్కోసారి గంటంతా ఆనాపానే అవుతుంది, అయినా లేవను.

టీవీ చప్పుడు గురించి నా అనుభవం చెబుతాను. చప్పుడు ఆగదు. దాని మీద మనకొచ్చే చిరాకు ఒంట్లో ఎక్కడుందో చూడండి. నాకు చెవులు వేడెక్కుతాయి, దవడ బిగుస్తుంది. ఆ వేడిని పొమ్మనకుండా చూస్తూ ఉంటే దానంతటదే మారుతుంది. సంవేదన (ఒంట్లో కలిగే అనుభూతి), సమత (దానికి చలించకపోవడం) అని కోర్సులో విన్నది నాకు నిజంగా అర్థమైంది ఇంట్లోనే. కేంద్రంలో చిరాకు పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు కదా!

సాగర్‌వాసి (నల్గొండ):
నేను మొదట పిరమిడ్ ధ్యానం చేసేవాణ్ణి. శ్వాస మీద ధ్యాస, వయసెంతో అన్ని నిమిషాలు. మా ఊళ్లో చదువు రాని పెద్దవాళ్లు కూడా దాంతోనే కూర్చోవడం నేర్చుకున్నారు, అది చిన్న విషయం కాదు. విపశ్యనలో మాత్రం మొదటి మూడు రోజుల శ్వాస మనసును పదును పెట్టడానికే, నాలుగో రోజు నుంచి ఒంట్లోని అనుభూతుల్ని చూడటమనే అసలు పని. బర్మాలోని మహాసీ సయాడో పద్ధతిలో అయితే పొట్ట లేవడం, పడటం గమనిస్తారు. దేనికది మంచిదే. నెలకొకటి మారుస్తూ పోతే ఏదీ లోతుకు దిగదు.

వైశాఖి (గుంటూరు):
అందరూ గంటల గురించే రాస్తున్నారు. మాది అంబేడ్కర్ బాటలో బౌద్ధం తీసుకున్న కుటుంబం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్న సంగతి మా నాన్న ఏటా ఆ రోజు మాకు చెప్పేవారు. మా ఇంట్లో ధ్యానం తర్వాతి మాట, ముందు త్రిశరణాలు (బుద్ధుణ్ణి, ధమ్మాన్ని, సంఘాన్ని శరణు కోరడం), పంచశీల (చంపడం, దొంగతనం, వ్యభిచారం, అబద్ధం, మత్తు మానేస్తామనే ఐదు శీలాలు). బుద్ధుడి పక్కనే బాబాసాహెబ్ ఫోటో, పొద్దున్నే పాళీలో ఐదు శీలాలు చెప్పుకోవడం, వైశాఖ పౌర్ణమికి తెల్లబట్టలు కట్టుకుని పాయసం పంచడం. పెళ్లిలో మందు ఉండదు. బంధువులు ఎంత అలిగినా నాన్న ఆ ఒక్క విషయంలో తగ్గలేదు.

మీరు చేసిన ఈ విపశ్యన నేర్పిన గోయెంకా గారి కోర్సులో కూడా మొదటి రోజు ఇచ్చేది శీలమే కదా. పగలంతా షాపులో అబద్ధాలాడి రాత్రి కూర్చుంటే మనసు ఆ అబద్ధాల చుట్టూనే తిరుగుతుంది. సాయంత్రం గంట కుదరని రోజు ఆ రోజు మాట ఎలా ఉందో చూసుకోండి మేడమ్, అది కూడా సాధనే. ఇది ఎక్కడి నుంచో వచ్చిన కొత్త ఫ్యాషన్ కాదని కూడా గుర్తుంచుకోండి. అమరావతి స్తూపం, నాగార్జునకొండ విహారాలు, విశాఖ దగ్గర తొట్లకొండ, బావికొండ... మన నేల మీద వందల ఏళ్లు భిక్షువులు కూర్చున్నారు. పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్లి ఫోటోలు దిగి రావడం కాదు, ఆ రాళ్ల దగ్గర కాసేపు కూర్చోబెట్టండి.

రాత్రిడ్యూటీ (హైదరాబాద్):
నర్సుని. నైట్ షిఫ్ట్ వారాల్లో పొద్దున, సాయంత్రం అనే లెక్క పెట్టుకోను. నిద్ర లేచాక ఒకసారి, డ్యూటీకి బయల్దేరే ముందు ఒకసారి. నిద్ర తగ్గించుకుని మాత్రం కూర్చోవద్దు. పేషెంట్ బంధువులు అరిచినప్పుడు ఒక్క శ్వాస చూసుకుని మాట్లాడతాను, గొంతు పెరగదు. చివర్లో అందరూ బాగుండాలని మైత్రి ఇచ్చేటప్పుడు వాళ్లే ముందు గుర్తొస్తారు.

పెన్నా (నెల్లూరు):
మా తమ్ముడు డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాడు. మందులు మానేసి ఈ కోర్సుకి వెళ్తే నయమవుతుందని ఎవరో చెప్పారట. టెన్షన్‌గా ఉంది.

రాత్రిడ్యూటీ:
దయచేసి మందులు ఆపనివ్వకండి. ఇది వైద్యం కాదు. దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి, వాడే మందుల గురించి అడుగుతారు. ఏదీ దాచకుండా రాయాలి. రోజుకు పది గంటలకు పైగా మౌనంగా కూర్చోవడం అందరి మనసూ తట్టుకోలేదు. ముందు డాక్టర్‌ని అడగండి. ఇప్పుడు వద్దంటే వద్దు, తర్వాత చూసుకోవచ్చు.

దూరతీరం (డాలస్):
మాకు దగ్గర్లో కాఫ్‌మన్ ఊళ్లో ధమ్మ సిరి కేంద్రం ఉంది. అక్కడ కోర్సు చేసిన కొన్ని తెలుగు కుటుంబాలం ఆదివారం ఒకరింట్లో కలిసి గంట కూర్చుంటాం. పిల్లలు పక్క గదిలో ఆడుకుంటారు. ఒంటరిగా అయితే ఎప్పుడో వదిలేసేవాళ్లమని అందరం అనుకుంటాం. కృష్ణాతీరం గారూ, మీ కోర్సులో పరిచయమైనవాళ్లకి ఫోన్ చేసి చూడండి.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు. అత్తయ్యగారితో మాట్లాడాను, సీరియల్ మొదలయ్యే లోపే ఆరింటికి వంటింటి పక్క గదిలో కూర్చుంటాను. వైశాఖి గారు శీలం గురించి రాసింది మా ఆయనకి కూడా చదివి వినిపించాను. ఒకరోజు కోర్సులు ఉంటాయని విన్నాను, ఎవరైనా వెళ్లవచ్చా?

తుంగభద్ర:
పది రోజులు పూర్తి చేసిన పాత సాధకులకే. ఫీజు ఉండదు, ఇష్టమైతే దానం ఇవ్వవచ్చు. ధమ్మ విజయ వాళ్లనే తేదీలు అడగండి. విజయవాడలో ఆదివారం సామూహిక సాధన ఎక్కడ జరుగుతుందో తెలిసినవాళ్లు ఇక్కడ రాస్తే ఈవిడకి దగ్గరవుతుంది.