ఫ్రాన్సు రైతుకి సగపాలు మేలా, రొక్కపు కౌలు మేలా?

గట్టుమీదమనిషి:
తిట్టుకున్నా సరే చెప్తున్నా. ఆర్థర్ యంగ్ అనే ఇంగ్లీషాయన 1787-89లో ఫ్రాన్సంతా తిరిగి అక్కడి సగపాలు సేద్యాన్ని, అదే మెతయాజ్‌ని, దుమ్మెత్తిపోశాడు. అప్పట్నుంచీ అందరిదీ అదే పాట. వడగళ్ళు పడి పంట పోయినా రొక్కపు కౌలు రైతు ఒప్పుకున్న డబ్బు కట్టాల్సిందే. సగపాలులో పండకపోతే ఇద్దరికీ లేదు. ఏది నయం?

లెక్కలపద్దు:
కాగితం మీదేనండీ ఆ సగం. బూర్బొనే ప్రాంతం చూడండి, ఇప్పటి అల్లియే జిల్లా. 19వ శతాబ్దంలో అక్కడి పెద్ద భూస్వాములు చాలామంది పొలాలన్నీ కలిపి ఒక మధ్యవర్తికి గుత్తకిచ్చేసేవాళ్ళు, అతను కింద సగపాలు రైతుల్ని పెట్టుకుని పిండుకునేవాడు. సగం కాక 'ఎంపో కొలోనిక్' అని ఏటా కొంత రొక్కం, ఆపైన కోళ్ళు, వెన్న, బండి చాకిరీ. పంట పోయినా ఆ రొక్కం తప్పదు, ఇక నష్టం పంచుకున్నదెక్కడ? పశువులు చాలావరకు పైవాళ్ళవి, సంతలో అమ్మేదీ పద్దు రాసేదీ వాళ్ళే. చదువురాని రైతుకి ఎంత చెప్తే అంత.

గట్టుమీదమనిషి:
చాకిరీ సంగతి ఒప్పుకున్నా. కానీ చేతిలో పైసా లేనివాడికి ఎద్దులు ఇంకెవరిస్తారు? రొక్కపు కౌలుకి దిగాలంటే సొంత పశువులు, చేతిలో కాస్త డబ్బు ఉండాలి కదా.

ఏరువాక:
మీరిద్దరూ వాటా దగ్గరే కొట్టుకుంటున్నారు, నాకు కనిపించేది నవంబర్ 11. సెయింట్ మార్టిన్ పండగ. చాలాచోట్ల కౌలు గడువు ఆ రోజుతో సరి. మంచం, కుండలు, కోళ్ళ గంప బండికెక్కించి, పిల్లల్ని పైన కూర్చోబెట్టి, చలిలో ఇంకో పొలానికి. వచ్చే ఏడు ఉంటామో లేదో తెలియనివాడు పొలానికి ఎరువెందుకు తోలతాడు, లెక్కలో మోసం కనబడినా నోరెందుకు విప్పుతాడు? 1945 అక్టోబర్ ఆర్డినెన్సు, 1946 ఏప్రిల్ చట్టం వచ్చాక కదా కౌలు కనీసం 9 ఏళ్ళయింది, పొలం అమ్మితే ముందు కౌలుదారుకే అన్నారు, సగపాలులో యజమాని వాటా మూడో వంతు దాటకూడదన్నారు. మన ఆంధ్రలో 2019 చట్టం ఒప్పందానికి పెట్టిన గడువు 11 నెలలు, పక్కన పెట్టి చూసుకోండి.

లెక్కలపద్దు:
ఫ్రాన్సులో ఆ 1946 చట్టంతోనే సగపాలును రొక్కపు కౌలుగా మార్చమని అడిగే హక్కు కూడా రైతుకొచ్చింది. అంత మేలైనదైతే మెతయాజ్ తర్వాత ఎందుకు అడుగంటింది?

గట్టుమీదమనిషి:
అప్పటికి క్రెడి అగ్రికోల్ లాంటి సహకార బ్యాంకులున్నాయండీ, 1894 చట్టంతో మొదలైనవి. అదే హక్కు 1840లో ఇచ్చి చూడండి, ఎద్దుల కోసం వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కాల్సిందే.