జర్మనీలో ప్రైవేటు యూనివర్సిటీ: రెండో సెమిస్టర్ ఫీజు కట్టాలా?

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె. బెర్లిన్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఎంఎస్‌ చేరాను. ఫీజు ఏడాదికి 12,000 యూరోలు. మొదటి సెమిస్టర్ కట్టేశాం. రెండో దానికి నాన్న బయట అప్పు తెస్తానంటున్నాడు. తెమ్మనాలా?

—

తమ్ముడూ, మాది అనంతపురమే. బయట అప్పంటే రెండు రూపాయల వడ్డీయే కదా. పది లక్షలకు నెలకు 20,000, ఏడాదికి 2.4 లక్షలు. అసలు మాత్రం అట్లే ఉంటుంది. శనక్కాయ చేను పెడతామంటే విద్యారుణానికి బ్యాంకులు మామూలుగా ఒప్పుకోవు. అప్పు కట్టకపోతే కోర్టుకెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు, వాళ్లకు ఇల్లో ప్లాటో కావాలి. అందుకే నాన్న వడ్డీవ్యాపారి గడప తొక్కుతున్నాడు.

ఇక్కడ జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజే లేదు. సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోలు కడితే చాలు, చాలాచోట్ల బస్సు, రైలు పాసు కూడా అందులోనే. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. అదైనా నీ ఫీజులో నాలుగో వంతే. కన్సల్టెన్సీ వాళ్లు ఇవేవీ చెప్పరు. కమీషన్ వచ్చేది ప్రైవేటు సీటు మీదే కదా!

మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మనీ వాళ్లు చూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ నీ దగ్గర ఎలాగూ ఉంది. అక్టోబరు ప్రాంతంలో మొదలయ్యే వింటర్ సెమిస్టర్‌కు చాలాచోట్ల గడువు జూలై 15, కొన్నిచోట్ల ఇంకా ముందే. ఇప్పుడే అప్లై చెయ్యి. సీటు చేతికొచ్చేదాకా ఉన్నది వదలొద్దు, నీ వీసా దాని మీదే ఉంది. కాంట్రాక్టు రద్దుకు ఎన్నాళ్ల ముందు నోటీసు ఇవ్వాలో చదువుకో. మారేముందు వీసాలు చూసే ఫారినర్స్ ఆఫీసులో అడుగు. అప్పటిదాకా ఫీజు నెలవారీగా కడతానని యూనివర్సిటీని అడిగి చూడు.

—

అక్క చెప్పింది కరెక్టే గానీ, సీటు అంత సులువు కాదబ్బా. మార్కులే కాదు, బీటెక్ సబ్జెక్టులు వాళ్ల కోర్సుతో సరిపోకపోయినా తీసేస్తారు. మాది కర్నూలు. నేను ప్రైవేటులోనే చదివా, ఉద్యోగమూ వచ్చింది. ఇంటర్వ్యూలో యూనివర్సిటీ గురించి ఎవరూ అడగలేదు, గంటసేపూ జర్మన్‌లోనే మాట్లాడించారు. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. భాష రాకపోతే అవి ఇట్టే అయిపోతాయి.

పార్ట్‌టైమ్‌తో ఫీజు కడతానని మాత్రం అనుకోవద్దు. ఆ డబ్బులు రూము అద్దెకు, తిండికే సరి.

ముందు నీ బ్రాంచి, పర్సెంటేజీ ఇక్కడ రాయి. ఏ యూనివర్సిటీలకు వెయ్యొచ్చో చూసి చెప్తాం.