క్యాంపు ఆవరణలోనే కాపురం: సీజన్ మొదలయ్యేలోపు ఏమేం తేల్చుకోవాలి?

కొత్తగుడారం:
అందరికీ వందనాలు. మావారిని ఒక క్రైస్తవ క్యాంపు సెంటర్‌లో డైరెక్టర్‌గా రమ్మన్నారు. ఇల్లు ఆవరణలోనే, భోజనశాలకు నాలుగడుగుల దూరం. బాబుకి 9 ఏళ్ళు, పాపకి 4. సీజన్‌లో వారానికో బ్యాచ్, బ్యాచ్‌కి 120 మంది పిల్లలు, 30 మంది వాలంటీర్లు.

ఇది దేవుని పిలుపేనన్న విషయంలో మాకు సందేహం లేదు. కాబట్టి "ప్రార్థన చేసుకోండి" అని మాత్రం రాసి వదిలేయకండి, అది చేస్తూనే ఉన్నాం. నాకు కావలసింది ఏర్పాట్ల సంగతి. నా పేరు ఏ కాగితంలోనూ లేదు, కానీ "సిస్టర్ కూడా ఉంటారుగా" అని ఇప్పటికే రెండుసార్లు అన్నారు. దీన్ని నొప్పించకుండా ఎలా మాట్లాడాలి? క్యాంప్‌ఫైర్, కౌన్సిలర్ల (గదుల్లో పిల్లల్ని చూసుకునేవాళ్ళ) మీటింగు సరిగ్గా పిల్లలు పడుకునే వేళకే వస్తాయి. వారంవారం కొత్తముఖాలు ఇంటి చుట్టూ తిరుగుతుంటే పిల్లల్ని ఎంతవరకు బయటికి వదలొచ్చు?

పాతకాపు:
సిస్టర్, "సిస్టర్ కూడా ఉంటారుగా" అన్న మాట దగ్గరే ఆగండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఒక జీతానికి ఇద్దరు మనుషుల్ని వాడుకుందామని క్యాంపుల్లో ఎవరూ కూర్చుని పన్నాగం పన్నరు. వంటశాలలో ఒక మనిషి తగ్గుతాడు, దగ్గర్లో ఉన్న ఇల్లు మీదే, అంతే. మొదటిసారి వెళ్తే సాయం. మూడోసారికి అది డ్యూటీ. వచ్చే సీజన్‌లో వెళ్ళకపోతే "ఆమెకు సేవాభారం లేదు" అంటారు. అందుకే మీరు వారానికి ఎన్ని గంటలో అంకె వేయించండి. సున్నా కావచ్చు, ఆరు కావచ్చు, ఇరవై కావచ్చు. సున్నా అని రాయించుకోవడం అవిశ్వాసమేమీ కాదు. సున్నా కాకపోతే మాత్రం పని పేరేమిటి, ఎవరికి జవాబు చెప్పాలి, ఆ గంటల్లో పాపను ఎవరు చూసుకుంటారు, ప్రతిఫలం ఎంత, ఇవన్నీ అదే కాగితంలో ఉండాలి. పాప సంగతి చాలామంది మర్చిపోతారు. రెండో వారానికే ఆ బరువు మీ మీద పడుతుంది, ఒక చంకలో పాప, ఇంకో చేతిలో గరిటె.

నొప్పించకుండా అడగడమంటారా? "నేనేం చేయగలనో చెప్తే మీకు రోస్టర్ (డ్యూటీల పట్టిక) వేసుకోవడం తేలిక" అనండి. నిజం కూడా అదే. రోస్టర్‌లో లేని మనిషి మీద ఆధారపడే వంటశాల ఆ మనిషికి జ్వరమొచ్చిన రోజే ఆగిపోతుంది.

ఇంటికి విడిగా ఒక పేజీ రాయించుకోండి. ఉద్యోగంతో వచ్చిన ఇల్లు ఉద్యోగంతోనే పోతుంది. ఖాళీ చేయడానికి ఎన్ని రోజులు? 90 అడగండి, 60కి దిగొచ్చు, అది చదువుల మధ్యలో పడితే ఆ విద్యా సంవత్సరం చివరిదాకా. ఆయన మంచాన పడినా, ఏమైనా జరగరానిది జరిగినా కుటుంబానికి గడువెంత? రిపేర్లు ఎవరివి? మాస్టర్ కీ ఎవరెవరి దగ్గర ఉంటుంది? మీరు ఊరెళ్తే ఆ ఇంట్లో అతిథుల్ని దింపుతారా? ఈ చివరిది నవ్వులాటలా ఉంటుంది. అడక్కపోతే మాత్రం మీరు తిరిగొచ్చేసరికి వాక్యం చెప్పడానికి వచ్చిన అయ్యగారు మీవాడి మంచం మీద పడుకుని ఉంటారు. అద్దె లేదు కదా అని ఆ డబ్బును ఇంటి ఖర్చుల్లో కలిపేయకండి, ఇల్లు వదలాల్సిన రోజు కోసం నెలనెలా కొంత పక్కన పెట్టండి.

బైబిల్లో యిత్రో తన అల్లుడు మోషేకి పని పంచుకోమని చెప్పిన సలహాను ప్రతి ట్రైనింగులోనూ చదువుతాం. కానీ నిర్గమకాండము 18ని మొదటి నుంచి చదివేవాళ్ళు తక్కువ. యిత్రో మోషే భార్య సిప్పోరాను, వాళ్ళ ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మర్నాడే అల్లుడు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా జనం మధ్యే కూర్చోవడం చూశాడు. ఆ మామగారి చిరాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు!

గంటకొట్టేవాడు:
పాతకాపు అన్న చెప్పినదానికి నా మాట కూడా అదే. సాయంత్రాల గురించి చెప్తాను.

ఇద్దరూ ఒకే పూట డ్యూటీలో ఉండకూడదు. ఇది రోస్టర్ వేసేటప్పుడే పెట్టుకోవాలి, అప్పటికప్పుడు సర్దుకుందాం అంటే కుదరదు. డైరెక్టర్ ప్రతి క్యాంప్‌ఫైర్‌కీ ఉండాలని ఎక్కడా లేదు. ఆరు రాత్రుల క్యాంపులో మొదటి రాత్రి, తీర్మానాల రాత్రి (పిల్లలు విశ్వాస నిర్ణయం తీసుకునే రాత్రి), ఆఖరి రాత్రి ఆయన కనబడాలి. మిగతా మూడు రాత్రులు 7 నుంచి 8:30 దాకా ఇంట్లో ఉండి, పిల్లలు పడుకున్నాక 9:30 మీటింగుకి వెళ్ళొచ్చు. ఆ మీటింగు 20 నిమిషాలు దాటనివ్వకండి. ఏ గదిలో ఎవరికి ఒంట్లో బాగోలేదు, ఎవరు ఇంటి మీద బెంగ పెట్టుకున్నారు, రేపటి మార్పులేంటి, అంతే. ప్రార్థన ఇద్దరిద్దరుగా చేసుకుని వెళ్ళి పడుకోవాలి. అక్కడ సాక్ష్యాలు (దేవుడు తమకు చేసిన మేళ్ళు చెప్పుకోవడం) మొదలయ్యాయంటే 11 దాటుతుంది, మర్నాడు నిద్ర చాలని కౌన్సిలర్లు పిల్లల మీద విసుక్కుంటారు.

వారాంతపు సెలవు 24 గంటలు వరుసగా తీసుకోండి, ముందురోజు రాత్రి భోజనం నుంచి లెక్క. పొద్దుట్నుంచి లెక్కపెడితే ముందు రాత్రి పని అర్ధరాత్రి దాకా సాగి, సగం సెలవు నిద్రకే పోతుంది. ఆ రోజు గేటు దాటి వెళ్ళాలి. ఆవరణలో కనబడితే "రెండు నిమిషాలు బ్రదర్" తప్పదు.

డ్యూటీ ఫోన్ సొంత నంబరు కాకూడదు, చేతులు మారే ఫోన్ అయి ఉండాలి. సెలవులో ఉన్న మనిషికి ఫోన్ చేయడానికి మూడే కారణాలు: ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి రావడం, పిల్ల కనబడకపోవడం, పిల్లల రక్షణ మీద ఫిర్యాదు రావడం. జనరేటర్ ఆగిపోవడం అందులో లేదు. అసలు ఇంటికి ఫోన్లు వచ్చేది అత్యవసరాల వల్ల కాదు, ఆ పని ఒక్కడికే తెలియడం వల్ల. జనరేటర్ వేయడం ఇంకో ఇద్దరికి నేర్పి వాళ్ళచేతే వేయించి చూడండి. లైను కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే చేంజ్‌ఓవర్ స్విచ్ ఏ వైపు తిప్పాలో ఫోటో తీసి ప్యానెల్ తలుపు లోపల అతికించండి. పంపు వాల్వులకు, గ్యాస్ మెయిన్‌కి కూడా అంతే. ఈ మూడు ఫోటోలతో సగం ఫోన్లు ఆగుతాయి.

రోజుకి ఒక్క పూటైనా తలుపేసుకుని ఇంట్లో తినండి, పొద్దున అయితే మేలు. కుటుంబ ప్రార్థనా అప్పుడే పెట్టుకోండి. సీజన్‌లో రాత్రికి పెట్టుకున్న ప్రార్థన జరిగేది అనుమానమే.

కంచెకాపలా:
ఇక పిల్లల రక్షణ. క్యాంపు పిల్లలకు పెట్టిన ప్రతి నియమం మీ పిల్లలకీ వర్తించాలి. తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. స్టాఫ్ పిల్లలు అందరికీ తెలుసు, వాళ్ళకి అందరూ అంకుళ్ళూ ఆంటీలే, అందువల్ల ఎవరి లెక్కలోనూ ఉండరు. 120 మందికీ పూటపూటా హాజరు పడుతుంది, మీ ఇద్దరు పిల్లల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. "ఈ గంట మీ పిల్లలు ఎవరి బాధ్యత?" అన్నదానికి ఎప్పుడైనా ఒకే ఒక్క పేరు జవాబుగా రావాలి.

ఒక పెద్ద, ఒక పిల్ల, మూసిన తలుపు, ఈ మూడూ ఒకచోట కలవకూడదు. ఎంత నమ్మకమైన వాలంటీరైనా, పాపకు ఎంత చేరికైనా సరే. వచ్చినవాళ్ళు వరండా దాకానే. ఎవరితోనైనా విడిగా మాట్లాడాల్సి వస్తే అందరికీ కనబడే, మాట మాత్రం వినబడని చోట కూర్చోండి, మీ హాల్లో వద్దు.

కొలను ఉంటే కంచె కనీసం 1.2 మీటర్లు ఉండాలి, గేటు దానంతటదే మూసుకుని గడియ పడాలి. గేటు స్ప్రింగు సీజన్ మధ్యకి వదులవుతుంది, లేదా తువ్వాళ్ళు మోసేవాళ్ళెవరో ఇటుక అడ్డం పెడతారు. ఇటుక కనబడితే అది తీసి గేటు సరిచేసేదాకా ఈత ఆపేయండి, మొహమాటం వద్దు. మునిగిపోయే పిల్ల అరవదు, చెయ్యి ఊపదు, నోరు నీటి మట్టానికి వచ్చి కిందికి పోతూ ఉంటుంది, చూసేవాళ్ళకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. క్యాంపు పిల్లల్ని 10 నిమిషాలకోసారి విజిల్ వేసి జతలుగా లెక్కపెడతారు. మీ పాప ఎవరి జతలోనూ లేదు కాబట్టి ఈత సెషన్ టైంలో కంచె లోపలికి రానివ్వకండి. మిగతా వేళల్లో అమ్మో నాన్నో చేతికందే దూరంలో, నీళ్ళలోనే ఉండాలి.

బస్సులు వచ్చే రోజు, పోయే రోజు ఇంకో ప్రమాదం. డ్రైవర్లు వెనక్కి తిప్పుతుంటారు, చూడాల్సినవాళ్ళు సామాన్లు దించుతుంటారు. ఆ రెండు గంటలు పాప ఇంట్లోనే, ఒక మనిషి దగ్గర.

ఇంకోటి, అమ్మాయిలు కొన్ని విషయాలు కౌన్సిలర్‌కి కాకుండా మీకు చెప్తారు. ఎవరైనా హింస గురించో, ఎవరో తాకడం గురించో చెప్తే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. గుచ్చిగుచ్చి అడగకండి. అన్నది అన్నట్టే, తేదీ, టైముతో రాసి, చట్ట ప్రకారం ఎవరికి తెలియజేయాలో వాళ్ళకి అదే రోజు చెప్పాలి. ఆ అధికారి ఎవరో, నంబరేంటో సీజన్ మొదలవ్వక ముందే గోడ మీద ఉండాలి.

కొత్తగుడారం:
అందరికీ కృతజ్ఞతలు. గంటల అంకె రేపే అడుగుతాం. ఇంకో రెండు ప్రశ్నలు. బాబు తనూ క్యాంపర్‌గా గదిలో ఉంటానంటున్నాడు, ఒప్పుకోవచ్చా? క్యాంపులో వాంతులు మొదలైతే ఇంటికి రాకుండా ఎలా చూసుకోవాలి?

మందులపెట్టె:
రెండోది ముందు. ఒకరి నుంచి ఒకరికి పాకే వాంతులు చాలావరకు నోరోవైరస్. దాని మీద ఆల్కహాల్ శానిటైజర్ పెద్దగా పనిచేయదు, సబ్బు, పారే నీళ్ళు, 20 సెకన్లు. గేటు దగ్గర శానిటైజర్ సీసా పెట్టి ధైర్యంగా ఉండే క్యాంపుల్లోనే ఇది గది నుంచి గదికి పాకుతుంది. వాంతి పడినచోట గ్లవ్స్, మాస్కు వేసుకుని ముందు కాగితాలతో ఎత్తి సంచిలో కట్టేయాలి. ఆ తర్వాతే బ్లీచ్. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణం 20 మిల్లీలీటర్లు లీటరు నీళ్ళలో కలిపితే దాదాపు 1000 పీపీఎం (పది లక్షల పాళ్ళలో వెయ్యి) వస్తుంది, నేల కనీసం 5 నిమిషాలు దానితో తడిగా ఉండాలి. మురికి ఎత్తకుండా పోస్తే బ్లీచ్ శక్తి మురికికే ఖర్చవుతుంది. ఏ రోజుది ఆ రోజే కలపండి, ఇంకే క్లీనర్‌తోనూ కలపకండి.

వాంతులు, విరేచనాలు ఆగాక 48 గంటలు ఆ మనిషి వంటశాల గడప తొక్కకూడదు, డైరెక్టరైనా సరే. మీ బాత్రూమును ఎవరికీ సిక్‌రూముగా ఇవ్వకండి, "ఒక్క రాత్రికే కదా" అంటారు. ఆయన ఇంటికి వచ్చినప్పుడు చెప్పులు బయట, బట్టలు విడి బకెట్‌లో, స్నానం, ఆ తర్వాతే పాపను ఎత్తుకోవడం.

బాబు సంగతి: చేరనివ్వండి, కానీ ఒక వారం పూర్తిగా క్యాంపర్, లేదా పూర్తిగా ఇంటి పిల్లాడు. అందరిలాగే ఫారం నింపి, మందుల వివరాలిచ్చి, పెట్టె సర్దుకుని మొదటి రోజు లైన్లో నిలబడాలి. ఆ వారం వాడు ఇంటికి రాడు, మీరు గదికి వెళ్ళరు. కౌన్సిలర్‌కి ముందే చెప్పండి: మినహాయింపులు లేవు, అదనపు శిక్షలూ లేవు, అందరి ముందూ సాక్ష్యం చెప్పమని లేపొద్దు. సీజన్‌కి ఒకటి, మహా అయితే రెండు వారాలు చాలు. అవే పాటలు, అదే స్కిట్, అదే పిలుపు నాలుగోసారి వినేసరికి వాడు ప్రసంగీకుణ్ణి అనుకరించి నవ్విస్తాడు. అది భక్తి తగ్గడం కాదు, మొహం మొత్తడం.

వారం కలిసున్న స్నేహితులు వెళ్ళిపోవడం మాత్రం వాడికి ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. ఏ వారమూ మారని స్నేహితుడు ఒకడైనా బడిలోనో బయటి సంఘంలోనో ఉండాలి, సీజన్‌లో కూడా వాణ్ణి కలవనివ్వండి. బస్సు గేటు దాటిన మరుక్షణం "రా, గదులు ఊడ్చాలి" అని మాత్రం పిలవకండి. ఆ పని రేపు పొద్దున చేయొచ్చు.