చిప్‌విస్పరర్ లైట్‌కు బ్లూపిల్ కలిపిన, జవాబు వస్తలేదు

పానగల్_పిన్: పొద్దుగాల నుంచి ఇదే లొల్లి. చిప్‌విస్పరర్ లైట్ (చిప్పు వాడే కరెంటు కొలిచి లోపలి రహస్య కీ పట్టే బోర్డు) 20 పిన్నుల కనెక్టర్ నుంచి బ్లూపిల్‌కు (ఎస్‌టీఎం32 చిప్పున్న చిన్న బోర్డు) వైర్లన్నీ సక్కగనే ఇచ్చిన. ప్లెయిన్‌టెక్స్ట్ (ఎన్‌క్రిప్ట్ చెయ్యాల్సిన డేటా) పంపితే జవాబు రాదు, ట్రిగ్గర్ (కొలత మొదలువెట్టుమనే సిగ్నల్) టైమౌట్ అంటది. కేబుల్ మార్చిన, బోర్డు మార్చిన, అదే కథ. లైటే ఖరాబ్ అయిందా? జెర చెప్పుండ్రి.

డిండి_డీబగ్: ఏ వైరు ఏ పిన్నుకు?

పానగల్_పిన్: బ్లూపిల్ పీఏ9 (డేటా పంపే కాలు) లైట్ పన్నెండుకు, పీఏ10 (డేటా వినే కాలు) పదికి. గ్రౌండ్ 2. 3.3 వోల్టులు 3 నుంచి.

డిండి_డీబగ్: ఉల్టా. 10వ పిన్ను ఐఓ1, లైట్ వినేది అక్కడ. పీఏ9 దానికి పోవాలె.

జడ్చర్ల_జంపర్: ముందు ఎర్తింగ్ చూసుకోండి తమ్ముడూ. పాత ఇండ్లల్ల మూడో పిన్ను ఉత్తదే ఉంటది. ఛార్జర్ పెడితే ల్యాప్‌టాప్ బాడీ చురుక్కుమంటది, ట్రేసుల (కరెంటు కొలత గీతలల్ల) 50 హెర్ట్జ్ అలలు కనపడతయి. మన దిక్కు ఎండాకాలం నేల ఎండితే గుంతల రెసిస్టెన్స్ పెరుగుతది. బొగ్గు, ఉప్పు వేసి వారానికోసారి నీళ్లు పొయ్యాలె...

డిండి_డీబగ్: సీరియల్ వైర్ల డేటానే రాకపాయె, గుంతల నీళ్లెందుకన్నా?

పానగల్_పిన్: మార్చిన. ఇప్పుడు పిచ్చి అక్షరాలు వస్తున్నయి. ట్రిగ్గర్ అట్లనే.

టంకం_తాత: పిచ్చి అక్షరాలు వస్తున్నయంటే చిప్పు నడుస్తుంది, క్లాక్ లెక్క తప్పింది. అసలు ఫర్మ్‌వేర్ (చిప్పుల ఎక్కించే ప్రోగ్రాం) హెచ్‌ఎస్‌ఈ బైపాస్‌ల ఉంటది, అంటే బయటి క్లాక్‌నే నేరుగ తీసుకుంటది, బోర్డు మీది క్రిస్టల్‌ను (క్లాక్ పుట్టించే భాగం) ఊపదు. బయటి క్లాక్ రాకుంటే సక్కగ నడువదు. నువ్వేమన్న మార్చినవా?

పానగల్_పిన్: బైపాస్ తీసి క్రిస్టల్ ఆన్ చేసిన. అది మామూలే గద?

టంకం_తాత: గదే. కోడ్ 7.3728 మెగాహెర్ట్జ్ అనుకొని 192తో భాగిస్తే 38,400 బాడ్ (సెకనుకు పోయే బిట్లు) వస్తది. నీ క్రిస్టల్ 8, అంటే 41,667. ఎనిమిదిన్నర శాతం తేడా, యూఆర్ట్ (సీరియల్ డేటా పోర్టు) ఓర్వదు. పరీక్షకు టార్గెట్ బాడ్ 41667 పెట్టి చూడు. కానీ ట్రేసులు తీసేటప్పుడు అట్ల వదిలెయ్యకు, రెండు క్లాకులు వేరువేరైతే శాంపిళ్లు పక్కకు జరుగుతయి. క్రిస్టల్ పీకి లైట్ 6వ పిన్ను, అంటే క్లాక్ పంపే హెచ్‌ఎస్2, బ్లూపిల్ ఓఎస్‌సీ-ఇన్‌కు (క్లాక్ తీసుకునే కాలు) ఇయ్యి. చిప్పు మీద 5వ కాలు. బైపాస్ మళ్ల పెట్టు.
ట్రిగ్గర్ వైరు చెప్పనేలేదు. పీఏ12 నుంచి 16కు ఉందా? బ్లూపిల్‌ల పీఏ12 అంటే యూఎస్‌బీ డేటా లైను (డీ ప్లస్) కూడా. కేబుల్ పెట్టి ఉంటే తీసెయ్. రెండు దిక్కుల కరెంటు ఇచ్చినా మంచిది కాదు.

పానగల్_పిన్: యూఎస్‌బీ పెట్టే ఉంది. 16 ఖాళీ.

డిండి_డీబగ్: 🙏

టంకం_తాత: తర్వాత 3.3 లైన్ మధ్యల 10 ఓమ్‌ల షంట్ (కరెంటు కొలిచే రెసిస్టర్) వెయ్యి, చిప్పు వైపు కొన లైట్ మీది మెజర్ ఇన్‌పుట్‌కు. వీడీడీ (చిప్పుకు కరెంటు వచ్చే) కాళ్ల కాడి డీకప్లింగ్ కెపాసిటర్లు (కరెంటు ఎగుడుదిగుళ్లను సదును చేసేటివి) ఒక్కొక్కటే తియ్యి. అన్నీ ఒకేసారి పీకితే రీసెట్‌లు మొదలైతయి.

జడ్చర్ల_జంపర్: వాటిని బైపాస్ కెపాసిటర్లు అనాలె.

టంకం_తాత: పైన హెచ్‌ఎస్‌ఈ బైపాస్ ఉంది, పిల్లగాడు రెండూ కలుపుకుంటడు. డీకప్లింగే.

జడ్చర్ల_జంపర్: పుస్తకంల రెండూ ఒకటి కాదు. బైపాస్ అంటే నాయిస్‌ను గ్రౌండ్‌కు పంపేది...

పానగల్_పిన్: 41667కు జవాబు వచ్చింది, ట్రిగ్గర్ కూడా. థ్యాంక్స్ అన్నా. క్రిస్టల్ పీకాలంటే హాట్ ఎయిర్ కావాల్నా, సోల్డరింగ్ ఐరన్ సాల్తదా?