ఉబుంటులో వైఫై రావడం లేదు, సాయం చెయ్యండి

చెల్లి చదువు కోసం పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేశాను. సౌండ్, టచ్‌ప్యాడ్, బ్రైట్‌నెస్ మీటలు అన్నీ పనిచేస్తున్నాయి గానీ సెట్టింగ్స్‌లో వైఫై అడాప్టరే దొరకలేదంటోంది. సోమవారం నుంచి తనకు ఆన్‌లైన్ క్లాసులు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ముందు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి, నెట్ వస్తుంది. తర్వాత ఉబుంటులోని అడిషనల్ డ్రైవర్స్ యాప్ తెరిచి, మీ వైఫై కార్డుకు అది చూపించే డ్రైవర్ (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) వేసి రీస్టార్ట్ చెయ్యండి.

అడిగినవారు: చేశాను అన్నా, అయినా రాలేదు. మధ్యలో ఏదో పాస్‌వర్డ్ పెట్టమంది, రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వస్తే కంగారుపడి కంటిన్యూ నొక్కేశాను.

జవాబు 2: అక్కడే ఆగింది తమ్ముడూ. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ని కెర్నల్ (ఉబుంటు గుండెకాయ లాంటి భాగం) లోడ్ చెయ్యదు, ఆ సంతకం కీని మనం ఒప్పుకున్నామని చెప్పేదే ఆ నీలం స్క్రీన్. టెర్మినల్‌లో మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో ఆ కీని మళ్లీ ఇంపోర్ట్ చేసి రీస్టార్ట్ చెయ్యి. స్క్రీన్ రాగానే 10 సెకన్లలోపు ఏదో ఒక మీట నొక్కాలి, ఎన్‌రోల్ మోక్ (అంటే ఆ కీని చేర్చు) ఎంచుకుని, ఇంపోర్ట్ చేసేటప్పుడు నువ్వు పెట్టిన పాస్‌వర్డే ఇవ్వాలి. సెక్యూర్ బూట్ ఆపేయమని చాలామంది చెబుతారు, నా మాట విని దాని జోలికి వెళ్లకు.

అడిగినవారు: వచ్చేసింది అన్నా! మా ఇంటి రౌటర్ పేరు కనపడగానే చెల్లి గంతులేసింది. చాలా థాంక్స్.