నకలా, నకిలీనా? నా తోలు కోటును ఏమనాలి?

మొదటి పోస్టు (డేటన్ నుంచి)

గ్రూపు పెద్దలందరికీ నమస్కారం. ఒక మాట గురించి అడుగుదామని ఈ పోస్టు. మధ్యలో కాస్త సోది ఉంటుంది, ఓపిక పట్టండి.

నేనుండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని డేటన్ ఊళ్లో. పోయిన చలికాలం ఒక తోలు జాకెట్ కొన్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమాన సిబ్బంది వేసుకున్న ఏ-2 అనే రకం. నాటిది కాదు, ఈమధ్య అదే తీరులో కుట్టింది. వీడియో కాల్‌లో అమ్మకు చూపించి "జాకెట్ కొన్నానమ్మా" అన్నాను.

"జాకెట్టా? ఎవరికిరా?" అంది.

మా ఇంట్లో జాకెట్టంటే చీర మీదికి వేసుకునేదే. "నాకేనమ్మా, తోలుది" అన్నాక అవతల చప్పుడు లేదు. నాన్న ఫోన్ అందుకుని "కోటు అని చెప్పరా, మీ అమ్మ కంగారు పడుతోంది" అన్నారు. సరే, కోటు. ఆ తర్వాత ఆయనే "యుద్ధం నాటిదా?" అని అడిగారు. కాదు నాన్నా, దానికి... అని ఆగిపోయాను. ఇంగ్లీషులో రిప్రొడక్షన్ అంటారు. తెలుగులో ఏమంటారో తట్టలేదు. నోటికొచ్చిన మాట "డూప్లికేట్" అనేశాను.

"డూప్లికేట్‌కి అంత డబ్బు పోశావా!"

అంత డబ్బంటే మూడు వందల డాలర్ల లోపే. జపాన్‌లో రియల్ మెకాయిస్, బజ్ రిక్సన్స్ లాంటి వాళ్లు దారం దగ్గర్నుంచి జిప్పు దాకా అచ్చం నాటి లాగే కుట్టి అమ్మేవి వెయ్యి డాలర్లు దాటిపోతాయి. నాటి కోటే కావాలంటే దొరకడం ఒక ఎత్తు, ఎనభై ఏళ్ల తోలును చిరక్కుండా వేసుకోవడం ఇంకో ఎత్తు. నా బడ్జెట్‌కి నాది గొప్పదే. కానీ డూప్లికేట్ అన్న మాటతో నాన్న దృష్టిలో నేను మోసపోయిన వాణ్ణయ్యాను. నకిలీ అంటే నకిలీ విత్తనాలు, నకిలీ మందులు గుర్తొస్తాయి. ప్రతిరూపం అంటే "అమ్మ దేవుడికి ప్రతిరూపం" టైపులో ఉంటుంది. మరి ఏమనాలి?

హైదరాబాద్ నుంచి

ఇంత టెన్షన్ ఎందుకు భాయ్? ఫస్ట్ కాపీ. షూస్, వాచీలు అమ్మేవాళ్లు అందరూ అనేది అదే.

మరొకరు

ఉప్పు కప్పురంబు...

డేటన్

వచ్చేసింది! పది నిమిషాలు కూడా పట్టలేదు. వేమన్న పద్యాన్ని ఇంకెప్పుడైనా చూద్దామండీ. ఇక్కడ చూడ్డానికి ఒకటే, రుచి వేరని నేనే ఒప్పుకుంటున్నాను కదా. ఆ వేరైన దాన్ని తిట్టకుండా పిలిచే మాట కావాలి. ఫస్ట్ కాపీ అంటే కంపెనీ పేరు దొంగతనంగా వేసిందని అర్థం వస్తుంది భాయ్. నా కోటు మీద కుట్టినవాళ్ల పేరే ఉంది.

రిటైర్డ్ తెలుగు మాస్టారు

మీకు కావలసిన మాట మీ పోస్టు పక్కనే తిరుగుతోంది నాయనా. నకలు.

నకలు, నకిలీ ఒక తల్లి పిల్లలే. అరబీ "నక్ల్" నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చాయి. ఆ ధాతువుకు ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం అని అర్థం. ఒక కాగితంలో ఉన్నది ఇంకో కాగితంలోకి చేరితే అది నకలు. ఇది కచేరీ మాట, గౌరవమైన మాట. పొలం వివరాలుండే పహాణీ నకలు, తీర్పు నకలు, రిజిస్టరు నకలు. ముద్ర పడిన నకలు చూపించి మా నాన్నగారు బ్యాంకులో పంట రుణం తెచ్చుకునేవారు. అదే నకిలీ పహాణీ చూపించి ఉంటే జైలుకు పోయేవారు. ఒకే మూలంలోంచి పుట్టి ఒకటి ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది, ఒకటి పోలీసు స్టేషన్లో కూర్చుంది.

ఇంకో తమాషా. దీనికి ఎదురుమాట "అసలు" కూడా అరబీయే. అప్పులో అసలు, వడ్డీ అంటామే, ఆ అసలే. అసలు, నకలు జంటగా మన కచేరీల్లోకి దిగాయి. అంతకు ముందు మన పండితులకు మాతృక, ప్రతి అనే జంట ఉంది. తాటాకు చెదలు పట్టేలోపు ఇంకో ప్రతి రాయించడం పుణ్యం. బ్రౌన్ దొర కడపలో పండితుల్ని, రాయసగాళ్లను కూర్చోబెట్టి ప్రతులు రాయించాడు. వాటిని ఎవరైనా నకిలీ కావ్యాలన్నారా?

కాబట్టి "ఏ-2 కోటు నకలు" అనండి. నాన్నగారికి ఇట్టే అర్థమవుతుంది.

బందరు అక్క

మాస్టారు చెప్పినది మా ఊరి భాషలో చెప్తాను. మా పక్కనే చిలకలపూడి. "వాడు చిలకలపూడి బంగారం" అని మనుషుల్ని వెక్కిరించడానికి వాడతారు, వింటే ఒళ్లు మండుతుంది. ఆ నగల్ని ఎవరూ బంగారమని చెప్పి అమ్మరు, కొనేవాళ్లెవరూ బంగారమనుకుని కొనరు. మా అత్తగారు అరవై ఏళ్లు అవే పెట్టుకుని పెళ్లిళ్లకు తిరిగారు, రైల్లో హాయిగా నిద్రపోయారు. గిల్టు అనండి, రోల్డ్ గోల్డ్ అనండి, ఒప్పుకుంటాం. నకిలీ మాత్రం కాదు. ఎదుటివాణ్ణి నమ్మించి ముంచితేనే నకిలీ.

తమ్ముడూ, ఆ కోటు మాత్రం ఇక్కడికి తేకు. బందరు వానాకాలంలో బీరువాలో పెడితే నెల తిరిగేసరికి బూజు పట్టి తెల్లగా అవుతుంది.

డేటన్

మాస్టారూ, అక్కా, దండాలు. నకలు అన్న మాట వినగానే ఇంకో చిక్కు వచ్చిపడింది.

ఏ-2 కోటును అమెరికా సైన్యం 1931లో ఖాయం చేసింది. నాటి సైన్యం విమాన సామగ్రిని పరీక్షించిన రైట్ ఫీల్డ్ మా ఊళ్లోనే ఉంది, ఇప్పుడక్కడ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం. టికెట్ లేదు, చలికాలంలో నాకు అదే కాలక్షేపం. అక్కడ అద్దాల వెనక ఈ కోట్లు వరసగా ఉంటాయి. నాటి కోటు మెడ వెనక లోపలివైపు నేసిన పట్టీ మీద "డ్రాయింగ్ నంబర్ 30-1415" అని ఉంటుంది. సైన్యం దగ్గరున్నది ఆ గీత, అంటే కాగితం మీద గీసిన నమూనా. దాన్ని చూసి డజనుకు పైగా కంపెనీలు కాంట్రాక్టు మీద కుట్టాయి. ఒకరి కాలర్ కోసుగా, ఒకరిది గుండ్రంగా, జేబు మూత ఒక్కొక్కరిది ఒక్కో వంపు. ఎక్కువ భాగం గుర్రం తోలు, కొన్ని మేకతోలు, కొన్ని ఆవుతోలు.

అంటే మాస్టారి లెక్కలో ఆ గీత మాతృక. మ్యూజియంలో ఉన్నవన్నీ ప్రతులు. మరి "అసలు కోటు" ఏది?

ఇంకా ఉంది. 1943లో తోలు కోట్ల కొనుగోలు ఆపేసి బట్ట కోట్లకు మారారు. 1988లో అమెరికా ఎయిర్ ఫోర్స్ మళ్లీ ఏ-2 ఇవ్వడం మొదలుపెట్టింది, ఈసారి మేకతోలుతో, కాస్త వదులు కొలతలతో. దాన్ని ఏమంటాం? ఇచ్చింది ప్రభుత్వం, కానీ పాతదానికి అది అచ్చంగా సరిపోదు. జపాన్ వాడిది సరిపోతుంది, కానీ వాడు ప్రభుత్వం కాదు.

హైదరాబాద్

మాస్టారూ, నాదొక డౌట్. విమానం తోలేవాళ్లు వేసుకునే తోలు కాబట్టి తోలు కోటు అన్నారా?

మాస్టారు

బండి తోలడం వేరు, మేకతోలు వేరు. కానీ ఈ చమత్కారానికి పది మార్కులు.

జనగామ నుంచి

తోలు మాట వచ్చింది కాబట్టి నేనూ నాలుగు మాటలు చెప్పాలె. మా తాత లందలో చెయ్యి పెట్టిన మనిషి. లంద తెలియని వాళ్లకు: తోళ్లు నానబెట్టే తొట్టి. ముందు సున్నంల నానేసి వెంట్రుకలు తీస్తరు, తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ రసంల రోజులకొద్దీ ఉంచుతరు. తంగేడు పువ్వు బతుకమ్మకు పోయేది, చెక్క మా లందకు వచ్చేది. చెట్టు ఒక్కటే.

ఆ చేతుల్ని ఊరవతల పెట్టినం. వాళ్ల పని మాటను తిట్లకు తీసుకున్నం. తోలు తీస్తా, తోలు మందం, తోలు ముఖం. అదే వస్తువు "లెదర్" అయితే ఏసీ షోరూముల అద్దం వెనక కూసుంటది. అందుకే డేటన్ అన్న మొదటి పోస్టులనే లెదర్ అనకుండ "తోలు జాకెట్" అన్నందుకు నాకు మంచిగనిపించింది.

కొందరు మర్యాద కోసం "చర్మం" అని రాస్తరు. ఒంటి మీద ఉన్నది చర్మం, ఒలిచి శుద్ధి చేసింది తోలు. గుంటూరు జిల్లాల పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు మద్రాసుల తోలు పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసి దేశమంతా పేరు తెచ్చుకున్నరు. దాన్ని చర్మ పరిశోధన సంస్థ అంటే గజ్జి, తామరకు మందిస్తరనుకుని లైన్ కడతరు.

అన్నా, నీది ఏం తోలు? వేసుకుంటే ఎట్లుంది?

డేటన్

ఆవుతోలు తమ్ముడూ. ఇది చదివి ఇంట్లో ఎవరికీ చెప్పకండి, మా అమ్మకు ఇంకా మేకతోలనే చెప్పాను.

వేసుకుంటే మొదటి నెల అట్టపెట్టెలో దూరినట్టే. చెయ్యి పైకెత్తితే కోటు మొత్తం లేచేది, నడుస్తుంటే కిర్రు కిర్రుమనేది, కారు బెల్టు పెట్టుకోవాలంటే ఒక యుద్ధం. రెండో నెలకు మోచేతుల దగ్గర మడతలు పడ్డాయి. ఇప్పుడు కొక్కేనికి తగిలించినా చేతులు కొంచెం వంగే ఉంటాయి, నేను లోపల ఉన్నట్టే. అంచుల్లో రంగు పోయి కింది ఎర్రమట్టి రంగు బయటపడుతోంది. అది చూస్తుంటే బాగుంది.

తక్కువ ధర ఎక్కడ తెలుస్తుందంటే, మణికట్టు దగ్గర అల్లిక అప్పుడే సాగింది. లోపలి అస్తరు నూలు కాదు, జారుడు పాలిస్టర్. పైగా పక్కల్లో చేతులు దూర్చుకునే జేబులు పెట్టారు. నాటి ఏ-2కి ముందు రెండు మూత జేబులే, పక్క జేబులు ఉండవు. పట్టింపు ఉన్నవాళ్లు ఆ జేబులు చూస్తే మొహం తిప్పుకుంటారు. నాకైతే జనవరి చలిలో ఆ తప్పే ప్రాణం కాపాడింది.

హైదరాబాద్

ఫొటో పెట్టు అన్నా. ఆ, నీ ప్రొఫైల్ ఫొటోలో ఉంది అదేనా? ఛాతీ మీద గుండ్రంగా ఏదో బొమ్మ ఉంది, ఏంటది?

డేటన్

అడగకపోతే బాగుండును అనుకున్నాను. అడిగారు కాబట్టి చెప్తాను.

కోటుతో పాటే వచ్చిందది. ఒక స్క్వాడ్రన్ (విమాన దళం) బిళ్ల, భుజాల మీద కెప్టెన్ గుర్తు కూడా. కొన్నప్పుడు అందంగా ఉందనే కొన్నాను. మ్యూజియానికి అదే వేసుకుని వెళ్లాను. ఒక పెద్దాయన, తొంభై దాటి ఉంటాయి, చక్రాల కుర్చీలో ఉన్నారు, నా ఛాతీ వైపు చూసి ఆగారు. మా అన్న ఆ స్క్వాడ్రన్‌లోనే పనిచేశాడు, మీ ఇంట్లో ఎవరు చేశారు అని అడిగారు. గొంతులో ఎంత సంతోషమో. నాకు నోట మాట రాలేదు. ఎవరూ లేరండీ, కోటుతో వచ్చింది అన్నాను. "ఓ" అన్నారు. అంతే. కోపం లేదు. కూతురనుకుంటాను, కుర్చీ తోసుకుంటూ వెళ్లిపోయింది.

చైనాలో పోరాడిన అమెరికా పైలట్ల కోట్ల ఫొటోలు చూసే ఉంటారు, వీపు మీద కుట్టిన బట్ట ముక్క మీద చైనా జెండా, కింద చైనా అక్షరాలు. ఈ విదేశీయుడు మాకు యుద్ధంలో సాయానికి వచ్చాడు, సైనికులు, ప్రజలు అందరూ కాపాడండి అని ఆ రాతకు అర్థం. శత్రువుల మధ్య విమానం కూలితే వాడి ప్రాణం ఆ బట్ట ముక్క మీద ఆధారపడేది. ఛాతీ మీది బిళ్ల కూడా అలాంటి మాటే. నేను ఫలానా దళం మనిషిని అని చెప్తుంది. ఆ రోజు నా కోటు ఆ మాట అంది, నేనేమో కాదు.

బందరు అక్క చెప్పిన లెక్కలో కోటు నకలే. బిళ్ల పెట్టుకున్న నేను నకిలీ.

ఆ రాత్రే బ్లేడుతో కుట్లు విప్పాను. ఒక్కో కుట్టూ తెంపి, ట్వీజర్‌తో దారం లాగాను. గంట పట్టింది. భుజాల మీదివి సులువుగానే వచ్చాయి. బిళ్ల వచ్చాక దాని కింద తోలు కొత్తగా, ముదురు రంగులో ఉంది. చుట్టూ సూది కన్నాలు వలయంలా ఉండిపోయాయి. బట్టయితే రెండు ఉతుకులకు పూడిపోయేవి. దగ్గర్నుంచి చూస్తే ఇప్పటికీ అక్కడ ఏదో ఉండేదని ఎవరికైనా తెలుస్తుంది. ప్రొఫైల్ ఫొటో పాతది, ఈ రాత్రి మారుస్తాను.

బందరు అక్క

నాన్నగారికి ఫోన్ చేసి నకలు అని చెప్పావా లేదా?

డేటన్

చెప్పానక్కా. "నకలైతే ముద్ర ఏది?" అన్నారు. వీఆర్వోగా చేసి రిటైర్ అయ్యారు లెండి.

జనగామ

అన్నా, ఆ కన్నాలకు తేనెమైనం కొంచెం వేడి చేసి వేలితో రుద్దు. పూడవు గని నీళ్లు లోపలికి దిగవు.